హస్తవాసిని కొలిచిన తాపీమేస్త్రీ

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అన్నారంటే చాలు, చుట్టాల్లో ఎవరో ఒకరు ఫలానా డాక్టరు దగ్గరికే వెళ్లమంటారు. ఎందుకంటే ఆయన హస్తవాసి మంచిదంటారు. ఈ మాట మీరూ విని ఉంటారు, ఎవరికో ఒకరికి మీరూ చెప్పి ఉంటారు. అందులో నమ్మకం ఉంది, నలుగురి అనుభవం ఉంది, కొంత అదృష్టం మీద భారం వేయడమూ ఉంది. మరి హస్తవాసి అంటే అసలేమిటి? ఒక సర్జన్ చేతిలో ఉండి, అంతే చదువుకున్న మరో సర్జన్ చేతిలో లేనిదేమిటి? దాన్ని కంటితో చూడొచ్చా? కొలవొచ్చా? ఇంకొకరికి నేర్పొచ్చా?

వందేళ్లకు ముందే ఈ ప్రశ్నలతో ఆపరేషన్ థియేటర్లోకి కెమెరా పట్టుకెళ్లిన మనిషి డాక్టరు కాదు. ఆయన కాలేజీ మెట్లెక్కి చదువుకున్నదీ లేదు. ఇటుకలు అందించే పనితో బతుకు మొదలుపెట్టిన అమెరికన్ తాపీమేస్త్రీ. పేరు ఫ్రాంక్ బంకర్ గిల్‌బ్రెత్. ఇవాళ సర్జన్ల చేతులకు సెన్సర్లు తగిలించి కదలికలు లెక్కిస్తున్నారు. వర్చువల్ రియాలిటీ యంత్రాల మీద ఆపరేషన్లు సాధన చేయిస్తున్నారు. ఆ దారిలో మొదటి అడుగులు వేసిన వాళ్లలో గిల్‌బ్రెత్ ఒకరు.

పద్దెనిమిది కదలికలు ఐదయ్యాయి

గిల్‌బ్రెత్ 1868 జులై 7న అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఫెయిర్‌ఫీల్డ్ అనే ఊళ్లో పుట్టారు. మూడేళ్ల వయసులోనే తండ్రి పోయారు. తల్లి మార్తా పిల్లలను వెంటబెట్టుకుని మసాచుసెట్స్‌కు మారి, వాళ్ల చదువులు చూసుకున్నారు. పేరున్న ఎంఐటీలో చేరడానికి పరీక్ష పాసైన కొడుకు, 1885లో పదిహేడేళ్ల వయసులో కాలేజీకి వెళ్లకుండా భవన నిర్మాణ పనిలో చేరాడు. తాపీమేస్త్రీ దగ్గర సహాయకుడిగా అడుగు నుంచి పని నేర్చుకోవాలన్నది ఆలోచన.

కుర్రాడు ఒక విచిత్రం గమనించాడు. ఏ ఇద్దరు మేస్త్రీలూ ఒకేలా ఇటుక పెట్టడం లేదు. అంతే కాదు, ఒకే మేస్త్రీ మూడు రకాలుగా పనిచేస్తున్నాడు. నింపాదిగా ఉన్నప్పుడు ఒక పద్ధతి, తొందరలో ఒక పద్ధతి, శిష్యుడికి నేర్పేటప్పుడు ఇంకో పద్ధతి. మరి శిష్యుడు వీటిలో దేన్ని పట్టుకోవాలి?

ఒక్క ఇటుక గోడమీదికి చేరడానికి మేస్త్రీ ఎన్నిసార్లు కదులుతున్నాడో గిల్‌బ్రెత్ లెక్కపెట్టాడు. పద్దెనిమిది కదలికలు తేలాయి. కిందికి వంగడం, ఇటుక తీయడం, దాన్ని అటూ ఇటూ తిప్పి మంచి ముఖం వెతకడం, మళ్లీ లేవడం, తాపీతో తట్టడం. ఇందులో గోడకు పనికొచ్చేవి కొన్నే. తక్కినదంతా ఒంటికి శ్రమ. అందుకని పని సాగేకొద్దీ పైకి జరిపే పరంజాను తయారు చేశారు. ఇటుకలూ మాలూ నడుము ఎత్తులో చేతికందేలా పెట్టించారు. మంచి ముఖం ముందుకు వచ్చేలా ఇటుకలను సహాయకుడే పేర్చి ఉంచేవాడు. మాలు సరైన పదునులో ఉంటే తాపీతో తట్టే పనీ తప్పింది. పద్దెనిమిది కదలికలు ఐదుకు దిగాయి. గంటకు 120 ఇటుకలు పెట్టే మేస్త్రీ 350 పెట్టగలిగాడు. గమనించండి, చెయ్యి వేగం పెంచమని ఎవరూ అదిలించలేదు. అక్కర్లేని కదలికలు పోయాయి, అంతే. గిల్‌బ్రెత్ జీవితాంతం చేసిన పని అంతా ఈ ఒక్క పాఠానికి కొనసాగింపే.

వేలికి కట్టిన దీపం

1895 నాటికి ఆయన సొంతంగా కాంట్రాక్టులు మొదలుపెట్టారు. 1904లో కాలిఫోర్నియా అమ్మాయి లిలియన్ మోలర్‌ను పెళ్లి చేసుకున్నారు. సాహిత్యం చదువుకున్న లిలియన్, తర్వాత మనస్తత్వ శాస్త్రం వైపు తిరిగి 1915లో బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు. ఆయన కదలికలను చూస్తే, ఆమె కదిలే మనిషిని చూశారు. పనిచేసే వాడికి అలసట ఎందుకొస్తుంది, విసుగు ఎందుకొస్తుంది అన్న ప్రశ్నలు ఆమెవి. పరిశోధనల్లో ఇద్దరిదీ సమాన భాగం.

ఇల్లంతా పిల్లలు. పన్నెండుమంది. 1912లో రెండో అమ్మాయి మేరీ డిఫ్తీరియా సోకి ఐదేళ్లకే చనిపోయింది. ఇప్పుడు మన పిల్లలకు టీకాతో తప్పిపోతున్న జబ్బు అది.

అప్పట్లో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు స్టాప్‌వాచ్ పట్టుకుని కార్మికుల పనిని నిమిషాల్లో కొలిచేవారు. గిల్‌బ్రెత్ మొదట ఆయన అభిమానే. తర్వాత ఇద్దరి దారులూ వేరయ్యాయి. గడియారం పని ఎంతసేపు పట్టిందో చెబుతుంది గానీ, ఎందుకు పట్టిందో చెప్పదన్నది గిల్‌బ్రెత్ వాదన. ఆ ఎందుకు అన్నదానికి జవాబు కావాలంటే కదలిక కంటికి కనిపించాలి. అందుకే 1912 నుంచి సినిమా కెమెరాను వాడారు. ఫ్రేములోనే సెకనులో చిన్న భాగాలను కూడా చూపించే ప్రత్యేక గడియారం పెట్టేవారు. వెనక గోడ మీద గడులు గీయించేవారు. ఫిల్మును ఒక్కో బొమ్మగా చూస్తే చెయ్యి ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతసేపట్లో వెళ్లిందో తెలిసిపోయేది.

అక్కడితో ఆగలేదు. పనివాడి వేలికి చిన్న విద్యుత్ బల్బు కట్టి, కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచేవారు. ఫొటోలో చెయ్యి తిరిగిన దారి అంతా వెలుగు గీతగా పడేది. కరెంటును లయబద్ధంగా ఆపుతూ వదులుతూ ఉంటే ఆ గీత చిన్న చిన్న ముక్కలయ్యేది. ముక్క పొడవును బట్టి వేగం, ఆకారాన్ని బట్టి దిశ తెలిసేవి. రెండు కటకాల కెమెరాతో తీసిన జంట ఫొటోలను స్టీరియోస్కోప్‌లో పెట్టి చూస్తే ఆ గీత లోతుతో సహా గాల్లో తేలుతున్నట్టు కనిపించేది. దాన్ని చూసి తీగలు వంచి బొమ్మలు కూడా చేయించారు. మంచి పనివాడి చెయ్యి ఏ దారిలో నడుస్తుందో నేర్చుకునేవాడు కళ్లతో చూడాలి, వేలితో తడమాలి అన్నది ఉద్దేశం. ఇవాళ్టి సెన్సరుకు ఆ బల్బు తాత అనుకోండి. కళ్లకు తగిలించుకునే వీఆర్ పెట్టెకు ఆ స్టీరియోస్కోప్ ముత్తాత.

ఏ చేతిపనినైనా పదిహేడు పద్దెనిమిది మూల కదలికలుగా విడదీయొచ్చని దంపతులు తేల్చారు. వెతకడం, ఎంచుకోవడం, పట్టుకోవడం, మోసుకెళ్లడం, సరిగ్గా అమర్చడం, వదలడం, ఆలోచించడం, ఎదురుచూడటం, విశ్రాంతి తీసుకోవడం వంటివన్నమాట. వీటికి థెర్‌బ్లిగ్ అని పేరు పెట్టారు. గిల్‌బ్రెత్ అన్న పేరునే తిరగేసి చేసిన మాట అది.

ఆపరేషన్ బల్ల దగ్గర

కెమెరా ఫ్యాక్టరీల నుంచి ఆసుపత్రులకు వెళ్లింది. సర్జన్లు పనిచేస్తుండగా గిల్‌బ్రెత్ ఫిల్ములు తీశారు. ఆ కాలంలో ఆపరేషన్ బల్ల మీద ప్రతి నిమిషమూ రోగి ప్రాణంతో ముడిపడినదే. మత్తుకు ఈథర్, క్లోరోఫాం వాడేవాళ్లు. ఈ మందుల ప్రమాదం ఆనాటి వైద్య లోకాన్ని ఎంత కలవరపెట్టిందో తెలియాలంటే మన ఊరి చరిత్రే చాలు. క్లోరోఫాం వల్ల ప్రాణం ఎలా పోతోందో తేల్చడానికి 1888, 1889ల్లో రెండు కమిషన్లు పనిచేసింది మన హైదరాబాద్‌లోనే. యాంటీబయాటిక్స్ ఇంకా రాలేదు. కోత తెరుచుకుని ఉన్నంతసేపూ చీము పట్టే భయం. ఇటుక గోడ దగ్గర ఒక కదలిక వృథా అయితే పోయేది కూలి డబ్బులు. ఇక్కడ పోయేది వేరు.

ఫిల్ముల్లో ఏం కనిపించింది? ఇటుక గోడ దగ్గర కనిపించిందే. సర్జన్ చేతులు కోయడం, కుట్టడంలో కంటే పరికరాలు వెతకడంలోనే ఎక్కువ సమయం గడుపుతున్నాయి. కళ్లు గాయం మీద నుంచి పళ్లెం మీదికి వెళ్తాయి. కావలసిన ఫోర్సెప్స్ ఎక్కడో అడుగున ఉంటుంది. దాన్ని తీసి, సరైన వైపుకు తిప్పి, మళ్లీ గాయం దగ్గరికి వచ్చి, ఎక్కడ ఆపారో చూసుకోవాలి. థెర్‌బ్లిగ్ లెక్కలో వెతకడం, ఎంచుకోవడం అన్నవి ఎక్కువ. రోగికి పనికొచ్చే కదలికలు తక్కువ.

ఇటుక గోడ దగ్గర చెప్పిన మందే గిల్‌బ్రెత్ ఇక్కడా చెప్పారు. పరికరాలు వాడే వరుసలో, ఎప్పుడూ ఒకే చోట పేర్చి ఉంచాలి. సర్జన్ తల తిప్పనక్కర్లేదు. చెయ్యి చాపి పేరు చెబితే, పక్కనున్న నర్సు ఆ పరికరాన్ని వెంటనే వాడుకునే తీరులో అరచేతిలో పెట్టాలి. గోల్ఫ్ ఆటగాడికి కర్రలు అందించే సహాయకుడితో దీన్ని పోల్చేవారు. పరికరాలు అందించడం పూర్తిగా ఆయన ఒక్కరి సృష్టి అనలేం. కానీ దాన్ని అలవాటు స్థాయి నుంచి పద్ధతి స్థాయికి తేవాలని ఫిల్ము ఆధారాలతో వాదించిన వారిలో ఆయన ముందుంటారు. ఇవాళ మీరు సినిమాల్లో చూసే ఆ దృశ్యం, సర్జన్ చెయ్యి చాపడం, నర్సు కత్తెర అందించడం, ఏ ఊరి ఆసుపత్రిలోనైనా మామూలు విషయమైపోయింది.

ఇంకో సంగతి కూడా ఆయన ఫిల్ముల్లో బయటపడింది. మంచి సర్జన్, మంచి తాపీమేస్త్రీ, కత్తిసాములో ఆరితేరినవాడు, బేస్‌బాల్ ఆటగాడు వేర్వేరు లోకాల మనుషులే. కానీ వాళ్ల చేతుల నడకలో పోలికలున్నాయి. అనవసరపు మలుపులు తక్కువ, తడబాటు తక్కువ, ఒక కదలిక ముగిసిన చోటే మరొకటి మొదలవుతుంది. సర్జన్ గారి చేతికీ మేస్త్రీ చేతికీ పోలిక చెప్పడం ఆ రోజుల్లో చాలామంది డాక్టర్లకు మింగుడుపడే మాట కాదు.

రోగి ఏమయ్యాడని అడిగిన డాక్టరు

బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ ఉండేవారు. ఆపరేషన్ అయిన ప్రతి రోగినీ ఏడాది దాకా గమనించి, బాగయ్యాడా లేదా, కాకపోతే ఎందుకు కాలేదు అన్నది ఆసుపత్రులు రాసిపెట్టాలన్నది ఆయన పట్టుదల. 1915 జనవరిలో ఆసుపత్రుల పనితీరు మీద ఆయన ఏర్పాటు చేసిన సభలో గిల్‌బ్రెత్ కూడా మాట్లాడారు. ఆ సభలోనే కాడ్‌మన్ పెద్ద కార్టూన్ ఒకటి ఆవిష్కరించారు. ధనికులను ఇసుకలో తల దూర్చిన ఉష్ట్రపక్షిగా, డాక్టర్లను అది పెట్టే బంగారు గుడ్లు ఏరుకునేవారిగా చూపించే బొమ్మ అది. పెద్ద దుమారం రేగింది. స్థానిక వైద్య సంఘంలో కాడ్‌మన్ పదవి పోయింది.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటం మనకు అవసరం. గిల్‌బ్రెత్ చెయ్యి ఎలా నడిచిందని అడిగారు. కాడ్‌మన్ రోగి ఏమయ్యాడని అడిగారు. మొదటి ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఎంత పొదుపైన కదలికలతో చేసినా, అక్కర్లేని ఆపరేషన్ అక్కర్లేనిదే. రెండో ప్రశ్న ఒక్కటీ చాలదు. ఫలితం బాగాలేదని తెలిసినా, ఎక్కడ దిద్దుకోవాలో చేతుల్ని చూస్తేనే తెలుస్తుంది. గిల్‌బ్రెత్ ఆలోచనలో ఒక లోపమూ ఉంది. ప్రతి పనికీ అత్యుత్తమమైన దారి ఒక్కటే ఉంటుందని ఆయన నమ్మారు. ఇటుకలన్నీ ఒకటే కొలతలో ఉంటాయి. మనుషుల ఒళ్లు అలా ఉండవు. ఎడమచేతి వాటం సర్జన్ దారి వేరు, లావుగా ఉన్న రోగి పొట్టలో వెళ్లాల్సిన దారి వేరు.

ఆయన ఇంట్లో జరిగిన ఆపరేషన్ల ముచ్చట ఒకటి పిల్లలు రాసిన పుస్తకంలో ఉంది. పిల్లల్లో చాలామందికి టాన్సిల్స్ తీయాల్సి వచ్చింది. గిల్‌బ్రెత్ ఆ ఆపరేషన్లు ఇంట్లోనే పెట్టించి, సర్జన్ కదలికలు చిత్రించడానికి కెమెరామన్‌ను పిలిపించారు. అంతా అయ్యాక తేలిందేమిటంటే, కెమెరామన్ లెన్స్ లోపలి మూత తీయడం మరిచిపోయాడట. ఒక్క బొమ్మ కూడా పడలేదు.

అందరి సమయం, తన గుండె

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా దిగాక గిల్‌బ్రెత్ సైన్యంలో మేజర్‌గా చేరి, ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్ శిబిరంలో సైనికుల శిక్షణ కోసం ఫిల్ములు తీశారు. 1918లో అక్కడే కీళ్ల జబ్బు, న్యుమోనియాలతో మంచాన పడ్డారు. బతికి బయటపడ్డారు గానీ గుండె దెబ్బతింది. ఆయన మాత్రం పని తగ్గించలేదు. యుద్ధంలో చేతులు, కాళ్లు, చూపు పోగొట్టుకున్న సైనికులు మళ్లీ పని చేసుకోవడానికి కదలికల అధ్యయనం ఎలా ఉపయోగపడుతుందో భార్యతో కలిసి 1920లో పుస్తకం వేశారు. ఒంటిచేత్తో టైపు చేసేలా యంత్రాన్ని మార్చడం వంటి ఆలోచనలు అందులోవి. పనికి మనిషిని సరిపెట్టడం కాదు, మనిషికి పనిని సరిపెట్టాలన్న దృష్టి అది.

1924 జూన్ 14న, యూరప్‌లో జరిగే సదస్సులకు బయల్దేరాల్సిన రోజుల్లో, న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్ రైల్వే స్టేషన్ నుంచి లిలియన్‌తో ఫోన్‌లో మాట్లాడుతుండగా గుండె ఆగి కుప్పకూలారు. వయసు 55. నలుగురికీ సమయం మిగల్చడానికి దారులు వెతికిన మనిషి తన గుండెకు విశ్రాంతి ఇవ్వలేదు. థెర్‌బ్లిగ్‌ల జాబితాలో అలసట తీర్చుకునే విశ్రాంతిని కూడా ఆ దంపతులే చేర్చారన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

కొద్ది రోజులకే లిలియన్ ఒంటరిగా ఓడెక్కి ఆ సదస్సులకు వెళ్లి భర్త బదులు మాట్లాడారు. పదకొండుమంది పిల్లలను పెంచి చదివించారు. విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలయ్యారు. వంటింట్లో ఆడవాళ్లు వేసే అడుగులు లెక్కపెట్టి, స్టవ్, సింకు, సామాన్లు దగ్గరదగ్గరగా ఉండేలా వంటిళ్ల నమూనాలు గీశారు. 1972లో, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

బల్బు పోయి సెన్సరు వచ్చింది

గిల్‌బ్రెత్ పోయిన చాలా ఏళ్లకు, కీహోల్ సర్జరీ వచ్చాక ఆయన ప్రశ్న మళ్లీ లేచింది. చిన్న రంధ్రాల నుంచి పొడవాటి పరికరాలు లోపలికి పంపి, తెర మీద చూస్తూ చేసే ఆపరేషన్లకు పాత సాధన సరిపోలేదు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో సర్జన్ అరా దార్జీ బృందం సర్జన్ల చేతుల వెనక చిన్న అయస్కాంత సెన్సర్లు అంటించి మూడు లెక్కలు తీసింది. ఎన్ని కదలికలు, చెయ్యి మొత్తం ఎంత దూరం తిరిగింది, ఎంతసేపు పట్టింది. అనుభవం ఉన్నవాళ్ల చేతులు తక్కువ కదిలాయి, తక్కువ దూరం తిరిగాయి. వేలికి కట్టిన బల్బు వెలుగులో గిల్‌బ్రెత్ చూసిందే ఇప్పుడు అంకెల్లో కనిపించింది.

వర్చువల్ రియాలిటీ సంగతి చూడండి. 2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సర్జరీ నేర్చుకుంటున్న 16 మంది డాక్టర్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు మామూలు శిక్షణతో పాటు, నిపుణుల స్థాయి అందేదాకా కంప్యూటర్ సృష్టించిన లోకంలో సాధన చేసింది. రెండోది మామూలు శిక్షణతోనే ఆగింది. తర్వాత ఇద్దరూ నిజమైన రోగులకు పిత్తాశయం తీసే ఆపరేషన్‌లో పాల్గొన్నారు. కంప్యూటర్‌లో సాధన చేసిన జట్టు పిత్తాశయాన్ని విడదీసే భాగాన్ని 29 శాతం త్వరగా ముగించింది. తప్పులు ఆరు రెట్లు తక్కువ. ఆ తప్పులు రోగి పొట్టలో జరగకముందే, ఎవరికీ నొప్పి లేకుండా, కంప్యూటర్‌లో జరిగి దిద్దుకున్నాయన్నమాట.

ఈ కొలతలు రోగి దాకా వస్తాయా అన్న అనుమానం మీకు రావచ్చు. 2013లో అమెరికాలోని మిషిగన్‌లో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్ల వీడియోలను, పేర్లు చెప్పకుండా తోటి సర్జన్లకు చూపించి మార్కులు వేయించారు. తక్కువ మార్కులు వచ్చిన పావు వంతు సర్జన్ల రోగుల్లో 14.5 శాతం మందికి చిక్కులు వచ్చాయి. ఎక్కువ మార్కులు వచ్చిన పావు వంతు సర్జన్ల రోగుల్లో అది 5.2 శాతమే. ఆపరేషన్‌కు పట్టిన సమయం కూడా మార్కులు ఎక్కువున్న వారిదే తక్కువ, 137 నిమిషాలకు బదులు 98. వాళ్లు తొందరపడ్డారని దీనికి అర్థం కాదు. వాళ్ల చేతులకు వెనక్కి వచ్చి మళ్లీ చేయాల్సిన పని తక్కువ పడింది. గంటకు 350 ఇటుకలు పెట్టిన మేస్త్రీ కథే ఇది.

మీరు అడగాల్సినవి

హస్తవాసి ఉంది. అది జాతకంలో రాసిపెట్టింది కాదు. నేర్చుకునేది, సాధనతో పెరిగేది, వదిలేస్తే తగ్గేది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ముందుగా నిర్ణయించుకుని చేయించుకునే ఆపరేషన్ ఉంటే, ఎవరో చెప్పిన పేరుతో ఆగిపోకండి. డాక్టరు గారిని మర్యాదగానే కొన్ని మాటలు అడగండి. ఈ ఆపరేషన్ తప్పనిసరా, వేరే దారి ఉందా? మీరు ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు? చేసేది మీరేనా, మీ దగ్గర నేర్చుకుంటున్నవాళ్లు ఎంతవరకు చేస్తారు? మీతో ఎప్పుడూ పనిచేసే బృందమే ఉంటుందా? మీ రోగుల్లో ఎంతమందికి చిక్కులు వచ్చాయి, వస్తే ఏం చేస్తారు?

ఫలానా ఆయన పది నిమిషాల్లో చేసేశాడట అని ఎవరైనా గొప్పగా చెబితే, ఆ పది నిమిషాలనే కొలబద్ద చేసుకోకండి. ఆ తర్వాత రోగి ఎలా ఉన్నాడు, మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చిందా అని అడగండి. సర్జన్ మంచివాడైతే ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. నర్సుకు ముందు రోజే పరికరాల వరుస చెప్పి పెట్టుకునే మనిషికి, మీకు నాలుగు మాటలు చెప్పడం భారమేమీ కాదు.